శాశ్వత ముద్దాయి

సెండర్ ప్లోట్కిన్‌కి హార్బిన్‌లో రెండు పనులుండేవి. పగలు షెడ్డులో కూర్చుని పంది వెంట్రుకలు ఏరేవాడు. చలికాలపు శనివారాల్లో, సబ్బాతు ముగిశాక, యూదుల క్లబ్బులో ముద్దాయిగా నిలబడేవాడు. మొదటిది పొట్టకూటికి. రెండోదానికి ఒక గ్లాసు టీ, గసగసాల రొట్టె ముక్క తప్ప ఏమీ ముట్టేది కాదు. అయినా ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే ఆయన రెండోదే చెప్పుకునేవాడు.

క్లబ్బులో ఉపన్యాసాలకి జనం అంతంత మాత్రంగా వచ్చేవారు. బెర్లిన్‌లో చదివొచ్చిన ఎవరో పెద్దమనిషి బాబిలోను చెర గురించి గంటల తరబడి మాట్లాడుతుంటే ముందు వరసలో ఆడవాళ్లు పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ ఒకళ్ల శాలువా ఒకళ్లు బేరీజు వేసుకునేవారు. విచారణ ఉందంటే మాత్రం నిలబడ్డానికి చోటుండేది కాదు. యూదుడు దుకాణం నడుపుకోవాలా, నాగలి పట్టాలా. పిల్లలకి హీబ్రూ నేర్పాలా, ఇంట్లో మాట్లాడే యిద్దిషే చాలా. ఇలాంటి ప్రశ్న ఒకటి తీసుకుని, దానికి కాళ్లూ చేతులూ తగిలించి మనిషిని చేసి బోనులో నిలబెట్టేవారు. ప్రాసిక్యూటరు ఒకరు, ముద్దాయి తరఫు వకీలు ఒకరు. తీర్పు చెప్పేది జనం. తలుపు దగ్గర ప్రతి మనిషికీ ఒక పసుపు సోయా గింజ, ఒక నల్ల సోయా గింజ ఇచ్చేవారు. చివర్న టీ నీళ్లు కాచే సమోవార్ ఒకటి, ఖాళీది, వరసల మధ్య తిరిగేది. పసుపు గింజ వేస్తే వదిలేసినట్టు, నల్లది వేస్తే నేరం రుజువైనట్టు.

ప్రాసిక్యూటరు వేషానికి పోటీ ఉండేది. ముద్దాయి వేషానికి ఎవరూ వచ్చేవారు కారు. దుకాణాలున్నవాళ్లు, పరువున్నవాళ్లు నలుగురి ముందూ నిలబడి తిట్లు తినడానికి ఎందుకొస్తారు? సెండర్‌కి దుకాణం లేదు. పరువు గురించి ఎవరూ అడగలేదు. అందుకని ఒకసారి నిలబెట్టారు, ఆ తర్వాత మనిషిని వెతకాల్సిన అవసరం లేకపోయింది. క్లబ్బు బయట నోరు విప్పని మనిషి బోను ఎక్కగానే మారిపోయేవాడు. అక్కడ ఆయనకి చదివి చెప్పే పాఠం అంటూ ఏమీ ఉండేది కాదు. ప్రాసిక్యూటరు తోచింది అడుగుతాడు, ముద్దాయి అప్పటికప్పుడు కథ అల్లి చెప్పాలి. సెండర్ పిసినారి అయ్యాడు, భాష మరిచిన ధనవంతుడయ్యాడు, తండ్రి పేరు మార్చుకున్న కొడుకయ్యాడు. చలికాలం అంతా వీధిలో ఎదురైనవాళ్లు ఆటపట్టించేవారు.

"ఏవయ్యా సెండర్, ఈ ఏడు ఎవరి కొంప ముంచావు?"

ఆయన టోపీ కాస్త పైకెత్తి, "ఇంకా తేలలేదండీ," అనేవాడు. లోపల పొంగిపోయేవాడు. అంతకు ముందు జీవితంలో ఎవరూ ఆయన్ని వీధిలో ఆపి పలకరించలేదు.

ఆయన పుట్టింది మొగిల్యోవ్ దగ్గర. తండ్రిదీ పంది వెంట్రుకల పనే. బ్రష్షులు చేసేవాళ్ల కోసం వాటిని ఉడికించి, దువ్వి, పొడవు ప్రకారం కట్టలు కట్టడం. పందిని తినని వాళ్లు తరతరాలుగా దాని వీపు మీద బతకడం గురించి ఆ ఊళ్లో ఎన్ని హాస్యాలుండేవో అన్నీ సెండర్ పదేళ్లకే విన్నాడు. సైబీరియాలో పని బాగుంటుందంటే తూర్పుకి వచ్చాడు. చితా పట్నం దారిలో ఒక చిన్న రైల్వే ఊళ్లో చార్నాని పెళ్లి చేసుకున్నాడు. అంతర్యుద్ధం వచ్చాక ఇద్దరూ రష్యా సరిహద్దు దాటి హార్బిన్ చేరారు. చేరిన మూడో ఏట చార్నా యూదుల మతగురువు రబ్బీ దగ్గరికి వెళ్లి విడాకుల కాగితం అడిగింది. కారణం ఏమిటన్నాడు రబ్బీ. "గురక," అంది. రబ్బీ నవ్వాడు, ఆవిడ నవ్వలేదు. కాగితం ఇచ్చారు.

తర్వాత చార్నా యూదు సమాజం వాళ్ల ఉచిత భోజనశాలలో వంటకి కుదిరింది. సేమియా ఆవిడ చేత్తో వత్తినంత సన్నగా ఎవరూ వత్తలేరని పేరు. ఇద్దరూ ఒకే పేటలో బతుకుతూ వీధిలో ఎదురైతే తల ఊపుకునేవారు. అంతకు మించి మాటల్లేవు.

అరవై దాటేసరికి సెండర్‌కి చూపు మందగించింది. వెంట్రుకల దుమ్ము కళ్లలో పడీ పడీ రెప్పలు ఎర్రగా ఉబ్బిపోయి ఉండేవి. పొడవులు కలిసిపోతున్నాయని యజమాని ఆయన్ని బల్ల దగ్గర్నించి లేపి ఊడ్చే పనిలో పెట్టాడు. అంతలో, వంటింటి మూల అద్దెకిచ్చిన ఇంటావిడ తన మేనల్లుడు వస్తున్నాడని, వసంతానికల్లా ఖాళీ చెయ్యమని చెప్పింది. సెండర్‌కి మిగిలింది ఒకటే దారి. భోజనశాల ఉన్న ఆవరణలోనే వృద్ధాశ్రమం ఉంది. అందులో మంచం.

మామూలుగా అయితే ఆ మంచం కోసం ఏళ్లు ఆగాలి. కానీ ఆ శీతాకాలం అక్కడ ఒక ముసలాయన పోయి, మగవాళ్లు తొమ్మిదిమందే మిగిలారు. ప్రార్థన జరగాలంటే పదిమంది మగవాళ్లు ఉండాలి. పదిమంది లేకపోతే పోయినవాళ్ల పేరు మీద చదవాల్సిన ప్రార్థన కూడా చదవకూడదు. అందుకని పొద్దున్నా సాయంత్రం ముసలాళ్లు గేటు దగ్గర కాపు కాసి, దారిన పోయే యూదు బండివాణ్ణో పాలవాణ్ణో చేయి పట్టుకు లాక్కొచ్చేవారు. పొద్దున్న చలిలో ఎవడూ దొరక్కపోతే ఆ పూటకి ప్రార్థన లేదు. వాళ్లకి కావలసింది తన కాళ్ల మీద తను నడిచి వచ్చే పదో మనిషి. సెండర్ చూపు పోయినా కాళ్లు బాగానే ఉన్నాయి.

ఆశ్రమం కమిటీ కార్యదర్శి వకీలు ఎత్తింగెర్. క్లబ్బు విచారణల్లో ప్రాసిక్యూటరూ ఆయనే. నున్నగా గీసిన గడ్డం, మంచి కోటు, ఎవరితో మాట్లాడినా జూరీతో మాట్లాడినట్టు కాస్త పక్కకి చూస్తూ మాట్లాడే అలవాటు. సెండర్ వెళ్లి అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఈసారి విచారణ మీద వచ్చే డబ్బు ఆశ్రమం కొత్త పొయ్యిలకి పోతుంది, హాలు నిండాలి. విషయం ఇప్పటికే గోడల మీద అంటించారు: ప్రాణం కోసం శిలువ మెడలో వేసుకున్నవాడు ఇంకా మనవాడేనా?

"కాస్త గట్టిగా చెయ్యి సెండర్ బేరోవిచ్," అన్నాడు ఎత్తింగెర్, రష్యను మర్యాద ప్రకారం తండ్రి పేరు కలిపి పిలుస్తూ. "కిందటేడు పిసినారిని చేశావు చూడు, జనం జాలి పడిపోయారు. అలా వద్దు. ఒళ్లు మండాలి."

"ఒళ్లు మండిస్తే మంచం ఇస్తారా?"

"మంచం నీదే అనుకో. వసంతపు పండక్కి ముందే పరుపు వేయిస్తాను."

ఆ వారమంతా సెండర్ షెడ్డు ఊడుస్తూ కథ వెతుక్కున్నాడు. హాల్లో సగంమంది ఆ యుద్ధం దాటి వచ్చినవాళ్లే. పిల్లల కథలు చెబితే నమ్మరు. తనకి నిజంగా జరిగింది ఒకటుంది. కానీ అది చెప్పేది కాదు.

అంతర్యుద్ధంలో అతమాన్ అని పిలిచే ముఠానాయకుడి గుర్రపు రౌతులు ఆ రైల్వే ఊరికి మిట్టమధ్యాహ్నం వచ్చారు. యూదుల ఇళ్లు ఏవో వాళ్లకి ఎవరో ముందే చెప్పి ఉంచారు. సెండర్ ఇంట్లో బంగాళాదుంపలు దాచే నేలమాళిగ ఉంది. ఇద్దరికీ చోటుంది. కానీ మూత మీద గోనె పరచాలి, దాని మీద బెంచీ జరపాలి. ఎవరో ఒకరు పైన ఉండాలి. సెండర్ ముందే దిగిపోయాడు. కింద నుంచి చార్నాతో, "నువ్వు ఆడదానివి, నిన్నేం చేస్తారు," అన్నాడు. ఆవిడ మూత వేసి, గోనె పరిచి, బెంచీ జరిపింది. ఆ తర్వాత పైన జరిగిందంతా ఆయన విన్నాడు. పొద్దుగూకాక ఆవిడ మూత తీసింది. జుట్టు తడిసి ఉంది; ఆ మంచులో బావి దగ్గర తల మీద నీళ్లు పోసుకుని వచ్చింది. "రా, టీ పెట్టాను," అంది. ఆ రోజు గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అలాంటిది హాల్లో ఎవరికి చెబుతాడు? అందులో శిలువ లేదు, మతం లేదు, వాదించడానికి వకీలుకి ఏమీ లేదు. అది పాపం కూడా కాదు, ఒట్టి నీచం. బోనులో చెప్పదగ్గ పాపం ఇంకా ఎత్తుగా ఉండాలి. అందుకని సెండర్ ఒక రైలు కల్పించాడు, ఒక స్టేషను కల్పించాడు, చచ్చిపడున్న రష్యను కూలివాడి మెడలోంచి తీసుకున్న ఇత్తడి శిలువ ఒకటి కల్పించాడు.

ఆ శనివారం హాలు గోడలకి చెమట పట్టింది. ఆశ్రమం ముసలాళ్లని బండ్లలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు; పొయ్యిలు వాళ్లకే కదా. వాళ్ల మధ్యలో హిర్ష్ ఉన్నాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, చెవులు చురుకు. ఆయన తండ్రిని చిన్నపిల్లాడప్పుడే జార్ చక్రవర్తి సైన్యంలోకి ఎత్తుకుపోయి, శిలువని ముద్దు పెట్టుకునేదాకా కొరడాతో కొడతామన్నారట. కొట్టారు. ముద్దు పెట్టుకోలేదు. ఆ వీపు హిర్ష్ చూశాడు. ఆశ్రమంలో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ముందుగా చెప్పేది ఆ వీపు గురించే.

ఎత్తింగెర్ మంచి ఊపు మీద ఉన్నాడు. శిలువ ఎక్కడ దొరికింది, ఎలా తగిలించుకున్నావు, ఏ చేత్తో అని తరిచి తరిచి అడిగాడు. సెండర్ ప్రతిదానికీ తడుముకోకుండా చెప్పాడు. ఇత్తడి చల్లగా ఉందన్నాడు. చలికి చర్మానికి అతుక్కుపోయిందని, తర్వాత పీకితే తోలు ఊడి వచ్చిందని అన్నాడు. షెడ్డులో జనవరిలో ఇత్తడి దువ్వెన పట్టుకుంటే వేళ్లకి అలాగే అవుతుంది. అక్కడిది తెచ్చి ఇక్కడ పెట్టాడు. హాల్లో ఎవరో మూలిగారు. ఆ మూలుగు వినగానే ఆయనకి హుషారు వచ్చింది.

అప్పుడు ఎత్తింగెర్, అనుకోని ప్రశ్న ఒకటి వేశాడు. "రైల్లో ఒంటరిగా ఉన్నావా?"

"నా భార్య ఉంది."

"ఆవిడ మెడలో శిలువ ఉందా?"

సెండర్ దీనికి సిద్ధపడి రాలేదు.  

"లేదు. ఒకటే దొరికింది. సైనికులు వచ్చి, ఈవిడెవరు అని అడిగారు. నాకు తెలీదన్నాను. ఆవిణ్ణి దింపి తీసుకుపోయారు. నేను కిటికీలోంచి చూడలేదు. వింటూ కూర్చున్నాను."

ఆడవాళ్లు ఏడ్చారు. వెనక గోడ దగ్గర టీ గ్లాసులు సర్దుతున్న భోజనశాల ఆడవాళ్లలో చార్నా కూడా ఉంది. ఆవిడ చేతిలోని పళ్లెం కదల్లేదు. సెండర్‌కి అంత దూరం కనిపించదు.

ముద్దాయి తరఫు వకీలు కుర్రాడు, ప్రాణం నిలుపుకోవడం ధర్మమని ఏవో ధర్మశాస్త్ర వచనాలు చెప్పాడు. ఎవరూ వినలేదు. సమోవార్ తిరిగి వచ్చాక బల్ల మీద బోర్లిస్తే నల్ల గింజల కుప్ప పడింది. పసుపువి అక్కడక్కడా మెరిశాయి. ఎత్తింగెర్ బోను దగ్గరికి వచ్చి సెండర్‌ని కౌగిలించుకున్నాడు. ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని, మాస్కో నాటకశాలలో ఉండాల్సిన మనిషని జనం వీపు తట్టారు. హిర్ష్ మాత్రం టీ ముట్టలేదు. కర్ర ఆనించుకుంటూ వచ్చి, అది ఏ స్టేషను అని అడిగాడు. సెండర్ దాన్ని కూడా మెచ్చుకోలు అనుకున్నాడు. నోటికొచ్చిన స్టేషను పేరు ఒకటి చెప్పాడు.

పండక్కి ముందే పరుపు వేయించారు. సెండర్ తన మూట తెచ్చుకుని కిటికీ పక్క మంచం మీద పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్న ప్రార్థన గదిలోకి వెళ్లాడు. ఆయన గుమ్మం దాటగానే హిర్ష్ లేచి బయటికి వెళ్లిపోయాడు. లోపల మళ్లీ తొమ్మిది. సెండర్ బయటికి వస్తే హిర్ష్ లోపలికి వెళ్లాడు. సాయంత్రం అదే. మర్నాడూ అదే.

మూడో రోజు రబ్బీని పిలిపించారు. ఆయన ఓపిక మనిషి. అది క్లబ్బులో వేసిన వేషమని, వేషానికి శిక్ష ఉండదని మొదట చెప్పాడు. ఒకవేళ నిజమే అయినా, ఎంత పాపం చేసినా యూదుడు యూదుడే, లెక్కలోకి వస్తాడని రెండోసారి చెప్పాడు.

"లెక్కలోకి వస్తాడు రబ్బీ గారూ," అన్నాడు హిర్ష్. "కాదని నేనన్నానా? నాకు కడుపులో బాగుండదు, లేచి బయటికెళ్తాను. ముసలాడు బయటికెళ్లడానికి కూడా ధర్మశాస్త్రం అడ్డమా?"

రబ్బీ కోటు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

సెండర్ తనే వెళ్లి హిర్ష్ మంచం దగ్గర నిలబడ్డాడు. అంతా కల్పించానని చెప్పాడు. ఏ ఏడాది ఏ నేరం చేశానో వరసగా చెప్పి, అవన్నీ కూడా నిజమేనా అని అడిగాడు.

"అవి విన్నాను. అవి కల్పించావని తెలిసిపోతూనే ఉంది," అన్నాడు హిర్ష్. "ఇత్తడి ఒంటికి అతుక్కుంటుందని ఎవడికి తెలుస్తుందిరా? వేసుకున్నవాడికి తెలుస్తుంది. మా నాన్నకి తెలీదు, ఆయన వేసుకోలేదు."

వారం తిరిగేసరికి ఆశ్రమం మొత్తం హిర్ష్ వైపు తిరిగింది. ఆయన మీద ఎవరికీ ప్రేమ లేదు. కానీ ఆయన అక్కడ ఎప్పట్నించో ఉన్నాడు, సెండర్ నిన్న వచ్చాడు. పదిమంది కూడక, భర్తల తద్దినాలకి ప్రార్థన ఆగిపోయిందని విధవలు గొణిగారు. మీకు పదిమంది ఉన్నారుగా అని దారినపోయేవాళ్లు ఇప్పుడు రావట్లేదని, సెండర్ వెళ్లిపోతే బండివాణ్ణయినా పట్టుకురావచ్చని అన్నారు. భోజనాల బల్ల మీద ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయన పళ్లెంలో ఎవరో రెండు హెర్రింగు చేప ముళ్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, శిలువలా పెట్టారు. చూపు ఆనక ఆయన వాటిని ముక్కనుకుని నోట్లో పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ నవ్వారు. పళ్లు లేని నోళ్లతో, చాలాసేపు నవ్వారు.

ఎత్తింగెర్‌కి చిరాకు వచ్చింది. తన విచారణ బాగా పండినందుకు గర్వమే, కానీ ఆశ్రమంలో గోల కమిటీకి చెడ్డ పేరు. సెండర్‌ని ఆఫీసుకి పిలిచి, దీన్ని ముగించే దారి చెప్పాడు. ఆ ఏడాది సెండర్ ఆ రైల్లో లేడని, శిలువ వేసుకోలేదని చెప్పే సాక్షి ఒక్కరు చాలు. ముసలాళ్లందరి ముందూ, రబ్బీ ముందూ చెప్పాలి. అలా చెప్పాక కూడా హిర్ష్ లేచి వెళ్తే ఈసారి మూట కట్టుకోవాల్సింది హిర్షే. సాక్షి లేకపోతే మాత్రం మంచం ఖాళీ చెయ్యాలి.

"ఆ రోజుల్లో నీతో ఎవరున్నారు?" అన్నాడు.

సెండర్‌కి ఒక్క మనిషే గుర్తొచ్చింది.

చార్నా భోజనశాల వెనక బల్ల మీద పిండి వత్తుతోంది. పెద్ద పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, గుమ్మంలో నిలబడి విషయం చెప్పాడు. మనం ఏ రైలూ ఎక్కలేదని, ఇంట్లోనే ఉన్నామని చెబితే చాలన్నాడు.

ఆవిడ పిండి మడిచి కత్తి తీసుకుంది.

"ఇంట్లోనే ఉన్నామంటాను. మీ ఇంటికి వాళ్లు రాలేదా అంటారు. వచ్చారంటాను. అప్పుడు సెండర్ ఎక్కడున్నాడంటారు. ఏం చెప్పను?"

"ఊళ్లో లేనని చెప్పు."

"ఊళ్లో లేకపోతే రైల్లో ఉన్నట్టేగా."

ఆయన టోపీ అంచు చేత్తో తిప్పుతూ, "అయితే నేలమాళిగ అని చెప్పెయ్," అన్నాడు. "భయస్తుడంటారు, అంతేగా. భయస్తుడు పదిమందిలో లెక్కకొస్తాడు."

"నువ్వు కింద ఉంటే, పైన ఎవరున్నారని అడగరా?"

కత్తి బల్ల మీద టకటకా ఆడుతోంది. సన్నటి సేమియా కుప్పగా పడుతోంది. సెండర్ ఆ చప్పుడు విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఎప్పటి మాటో చార్నా. ముసలాళ్లం అయిపోయాం. ఇప్పుడు తెలిస్తే మాత్రం నిన్నెవరు ఏమంటారు?"

ఆవిడ కత్తి ఆపలేదు. మిగిలిన పిండి కూడా తరిగి, పిండి చల్లి, వేళ్లతో విడదీసింది. "హాల్లో నన్ను రైలెక్కించావు, దింపావు, బాగానే చప్పట్లు కొట్టారు," అంది. ఆ తర్వాత, "వస్తాన్లే," అంది.

ఆయన ఆ సాయంత్రం వీధిలో ఇంటావిడకి ఎదురుపడి, మూల మేనల్లుడికే ఇచ్చుకోవచ్చని, తనకి స్థిరమైన చోటు దొరికిందని చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు జరిపి అందర్నీ కూర్చోబెట్టారు. రబ్బీ ఒక పక్కన, ఎత్తింగెర్ ఆయన పక్కన. హిర్ష్ ముందు కుర్చీలో కర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. చార్నా వంటింట్లోంచి వచ్చి, పిండి చేతులు అడ్డగుడ్డకి తుడుచుకుని, చెప్పిన చోట నిలబడింది. ఎత్తింగెర్ ఈసారి గొంతు చాలా మెత్తగా పెట్టాడు.

"చార్నా యెఫిమోవ్నా, ఇక్కడ ఎవరూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టరు. ఒక్క మాట చెబితే చాలు. సెండర్ బేరోవిచ్ క్లబ్బులో చెప్పింది కల్పనే కదా?"

"కాదు," అంది చార్నా. "నిజమే. శిలువ ఆయన మెడలో ఉంది. నేను చూశాను."

"రైల్లోనా?"

"రైల్లోనే. నేనెవరో తెలీదన్నాడు. సైనికులు నన్ను దింపేశారు. అదీ నిజమే. దింపాక, నా సంచి తీసుకుని వదిలేశారు, నడిచి ఇంటికొచ్చాను." ఆవిడ గొంతులో కోపం లేదు. దినుసుల ధర చెబుతున్నట్టు చెప్పింది.

రబ్బీ సెండర్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

సెండర్ చార్నా ఉన్నవైపు చూశాడు. ఆయన చూపుకి తెల్లటి అడ్డగుడ్డ ఒకటే ఆనింది. అవునంటే అక్కడితో అయిపోతుంది. మూట కట్టుకోవాలి. కిటికీ పక్క మంచం, వెచ్చటి గోడ, రెండు పూటలా గిన్నెడు సూపు పోతాయి. ఆయన లేచాడు.

"అబద్ధం," అన్నాడు. "ఈవిడ అబద్ధం చెబుతోంది. రైలు లేదు, శిలువ లేదు. వాళ్లొచ్చినప్పుడు మేం ఇంట్లోనే ఉన్నాం. నేను నేలమాళిగలో బంగాళాదుంపల మధ్య దాక్కున్నాను. ఈవిడే పైన ఉంది. వాళ్లు నలుగురో అయిదుగురో. ఈవిణ్ణి వాళ్లు..."

  ఆ మాట వదిలేసి ఆయన ముందుకి వెళ్లాడు. బావి గురించి చెప్పాడు, తడి జుట్టు గురించి చెప్పాడు, టీ గురించి చెప్పాడు. నువ్వు ఆడదానివి, నిన్నేం చేస్తారు అన్న మాట కూడా చెప్పాడు. జీవితంలో ఆయన అబద్ధం కలపకుండా నలుగురి ముందూ మాట్లాడింది అదొక్కసారే. 

హిర్ష్ కర్ర మీంచి గడ్డం ఎత్తాడు.

"బాగా చేస్తాడు," అన్నాడు.

ఎవరో ముక్కుతో నవ్వారు. ఒక ముసలావిడ, "ఛీ, మంచం కోసం, కట్టుకున్నదాని మీద ఎంత మాటన్నాడు," అంది. ఇంకో ఆవిడ లేచి వచ్చి చార్నా భుజం చుట్టూ చేయి వేసింది. ఎత్తింగెర్ మొహం ఎర్రబడింది. క్లబ్బు వేరు, ఇది వేరు సెండర్ బేరోవిచ్, కొంచెం సిగ్గుండాలి అన్నాడు. ఒక్క రబ్బీ మాత్రం చార్నా మొహంలోకి చూశాడు, తర్వాత కళ్లు దించుకున్నాడు. విడాకుల రోజు గురక అన్న మాట ఆయనకి గుర్తొచ్చిందేమో తెలీదు. వచ్చినా, ఆయన నోరు విప్పితే ఎవరి గుట్టు బయటపడుతుందో కూడా ఆయనకి తెలుసు.

చార్నా భుజం మీది చేయి నెమ్మదిగా తీసేసి, పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సెండర్ ఆ సాయంత్రమే మూట కట్టుకున్నాడు. ఆ మంచం బొరుఖ్ అనేవాడికి ఇచ్చారు. నది మీద దొంగసారా తోలి రెండుసార్లు జైలుకెళ్లినవాడు, తాగితే కర్ర తీసుకుని మనుషుల వెంట పడేవాడు. కానీ ఎవరి శిలువా ఎప్పుడూ ముట్టలేదు. ప్రార్థన మళ్లీ రెండు పూటలా సాగింది. ఆశ్రమం కొత్త పొయ్యిలు బాగా కాలాయి.

షెడ్డు యజమాని సెండర్‌ని వెంట్రుకలు ఉడికించే కాగుల పక్కన పడుకోనిచ్చాడు. ఆ వాసన ఆయనకి ఎప్పటిదో కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మరుసటి శీతాకాలం క్లబ్బు వాళ్లు ముద్దాయి వేషానికి నాటకాల కుర్రాణ్ణి ఒకణ్ణి కుదుర్చుకున్నారు. సెండర్ బట్టలు వాసన కొడుతున్నాయని తలుపు దగ్గరివాళ్లు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఇంకో రెండు చలికాలాలు బతికాడు.

ఉచిత భోజనశాల మాత్రం పేరూ ఊరూ అడగదు. వరసలో నిలబడ్డ ఎవరికైనా గిన్నెడు సేమియా సూపు పోస్తారు. సెండర్ రోజూ మధ్యాహ్నం వెళ్లి వరసలో నిలబడేవాడు. పోసేది చార్నాయే. అందరికీ ఎంతో ఆయనకీ అంతే పోసేది, ఒక గరిటె ఎక్కువా లేదు, తక్కువా లేదు. మొదటి రోజు ఆయన గిన్నె అందుకుని అక్కడే నిలబడిపోయాడు. ఏదో అనబోయాడు.

"జరుగు," అంది చార్నా. "వెనక మనుషులున్నారు."